వచ్చినవారి మొహమాటం: ఆతిథ్యం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆతిథ్యం గురించి అడగదలచినవి రాసి పంపమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి ఒక ప్రశ్నగా చేశాం.

ప్రశ్న: ఇంగ్లీషులో 'హాస్పిటబుల్' అన్నదానికి తెలుగులో ఒక్క మాట లేదా? అనువాదంలో ప్రతిసారీ 'అతిథులను బాగా ఆదరించే స్వభావం గల' అని సాగదీయాల్సి వస్తోంది. వాతావరణానికీ, నేలకూ కూడా ఇదే మాట వాడతారు. అక్కడ ఏం రాయాలి?

మాట ఉంది. దాన్ని మనం వేరే పనికి వాడేసుకున్నాం, అంతే. ఆ మాట 'ఆతిథేయ'. సంస్కృత వ్యాకరణ గ్రంథమైన పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం నాలుగో పాదంలో 104వ సూత్రం పథిన్, అతిథి, వసతి, స్వపతి అనే నాలుగు మాటలకు 'ఏయ' వచ్చే ప్రత్యయాన్ని చెబుతుంది. 'ఆ విషయంలో మంచిది, దానికి పనికొచ్చేది' అని అర్థం. దారికి పనికొచ్చేది పాథేయం, అంటే దారి బత్తెం. అలాగే అతిథుల పట్ల మంచిగా నడుచుకునేవారు ఆతిథేయులు. పుట్టుకలో అది గుణం చెప్పే విశేషణం. రానురాను ఇంటి యజమానికి పేరైపోయింది. జీవశాస్త్ర పాఠాల్లో పరాన్నజీవికి చోటిచ్చే జీవిని 'ఆతిథేయి' అంటారు, అదీ ఈ మాటే. ఆటల వార్తల్లో 'ఆతిథ్య జట్టు' అని కనబడుతుంటుంది. ఆతిథ్యం ఇచ్చే జట్టు అని సర్దుకోవచ్చుగానీ, సరైనది 'ఆతిథేయ జట్టు'.

రాతలో మనిషిని గురించి చెప్పాలంటే 'ఆతిథ్యశీలి', 'అతిథిప్రియుడు' పనికొస్తాయి. మాటల్లో ఎవరూ అలా అనరు. 'వాళ్ళింటికి వెళ్తే బాగా చూసుకుంటారు', 'ఆదరణ గల మనుషులు' అంటారు. కథ అనువదిస్తుంటే మాకు ఆ రెండో తీరే నచ్చుతుంది. 'ఆదరణ' ఇంకా చేవ చావని మాట. 'కలుపుగోలు మనిషి' అంటే సరిపోదు. కలుపుగోలుగా మాట్లాడే మనిషి తన ఇంటి గడప దాకా ఎవర్నీ రానివ్వకపోవచ్చు.

ఇక నేల, వాతావరణం. ఈ ఊహను ప్రకృతికి అంటించడం చాలా పాతది. గ్రీకులు నల్ల సముద్రాన్ని మొదట 'ఆక్సీనోస్' అన్నారు, పరాయివాళ్ళను దరిచేరనివ్వనిది అని. తీరాన స్థిరపడ్డాక అదే సముద్రం 'యూక్సీనోస్' అయింది, పరాయివాళ్ళను ఆదరించేది అని. తెలుగులో మాత్రం 'ఆతిథ్యశీలమైన వాతావరణం' అంటే చెవికి ఇంపుగా ఉండదు. సైన్సు వ్యాసమైతే 'నివాసయోగ్యం', వ్యవసాయమైతే 'అనుకూలం', కవిత్వమైతే 'అక్కున చేర్చుకునే నేల' అనండి. మనిషికి వాడిన మాటే మట్టికీ వాడాలన్న నియమం లేదు.

ఇంకొక్క విషయం. చాలా ఉత్తరాల్లో 'అతిధి' అని ఉంది. ఒత్తు 'థ' రావాలి: అతిథి, ఆతిథ్యం, ఆతిథేయి. 'తిథి'లో ఉన్న థకారమే ఇదీ అని గుర్తుంచుకుంటే తప్పు పోదు.

ప్రశ్న: మర్యాద, సత్కారం, ఆతిథ్యం మూడూ ఒకటేనా?

మర్యాద అంటే మొదట హద్దు, గట్టు. సముద్రానికి చెలియలికట్ట ఎలాగో మనుషుల మధ్య మర్యాద అలాగ. ఎంత దూరంలో ఉండాలో అది చెబుతుంది. సత్కారం నలుగురి ముందు చేసే గౌరవం. దానికి చూసేవాళ్ళు కావాలి. ఆతిథ్యం ఆ దూరాన్ని కాసేపు తగ్గించి, మన చోటులో ఎదుటివారికి చోటివ్వడం. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా జరుగుతుంది. మర్యాదకు ఎక్కడా లోటు రాకుండానే ఆతిథ్యం కరువైన ఇళ్ళుంటాయి. అన్నీ సమయానికి అందుతాయి, వచ్చినవారు మాత్రం కుర్చీ అంచునే కూర్చుని ఉంటారు.

ప్రశ్న: అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని చదువుకున్నాం. ఇప్పుడు ఫోన్ చేయకుండా ఎవరూ రావడం లేదు. పిలిస్తే వచ్చినవాళ్ళను అతిథులు అనవచ్చా? 'అతిథి దేవో భవ' అంటే అతిథి దేవుడు అనేనా?

తిథి లేనివాడు అన్నది ఒక వివరణ మాత్రమే. వేదంలోని మాటలకు అర్థాలు వివరించే యాస్కుడి నిరుక్తం ఇళ్ళవైపు నడిచి వచ్చినవాడు అనే అర్థాన్ని కూడా ఇస్తుంది, అంటే తిరుగుతూ ఉండేవాడు. మనుస్మృతి మూడో అధ్యాయం 102వ శ్లోకం ఒక్క రాత్రి ఉండేవాడు అంటుంది. నిత్యం ఉండడు కనుక అతిథి అని అక్కడి లెక్క. ఒకటి రాకను చూసింది, ఒకటి నడకను చూసింది, ఒకటి పోకను చూసింది. మూడింటిలోనూ ఉన్నది ఒకటే: ఈ మనిషికి ఇక్కడ స్థిరమైన చోటు లేదు. ఋగ్వేదంలో అగ్నిని ఎన్నోసార్లు అతిథి అన్నారు. రోజూ వెలిగించే నిప్పు చెప్పాపెట్టకుండా వచ్చిందేమీ కాదు కదా. కాబట్టి ఫోన్ చేసి వచ్చినవారు, మీరే పిలిచినవారు కూడా నిస్సందేహంగా అతిథులే.

'అతిథి దేవో భవ' గురించి అపోహ ఎక్కువ. ఇది తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదకొండో అనువాకంలోది. చదువు ముగించి ఇంటికి వెళ్తున్న శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో తల్లి, తండ్రి, ఆచార్యుడి తర్వాత నాలుగోది. 'భవ' అంటే 'నువ్వు అవు'. 'అతిథిదేవ' అన్నది ఒకే సమాసం, 'అతిథి దేవుడుగా గలవాడు' అని అర్థం. మొత్తం కలిపితే 'అతిథిని దేవుడిగా తలచేవాడివి కా' అని. మాటలు విడగొట్టి రాయడంతో 'అతిథే దేవుడు' అన్న ప్రకటనలా కనబడుతోంది. నిజానికిది ఇంటివారికి చెప్పిన బుద్ధి. వచ్చినవారు 'నేను దేవుణ్ణి, నాకు చేయాలి' అని అడగడానికి ఇందులో ఆధారం లేదు. ఆ తర్వాతి వాక్యాలు ఇంకా బాగుంటాయి: శ్రద్ధతో ఇవ్వు, శ్రద్ధ లేకుండా ఇవ్వకు, 'హ్రియా దేయమ్', అంటే సిగ్గుతో ఇవ్వు. ఇచ్చేవారికి సిగ్గు ఎందుకంటే, ఇస్తున్న చేయి పైనుంటుంది. తీసుకునేవారికి ఆ సంగతి తెలియకుండా ఇవ్వాలి. ఆతిథ్యం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట మరొకటి మాకు తెలియదు. ఈ కింది జవాబులన్నీ ఒక రకంగా దాని మీదే నడుస్తాయి.

ప్రశ్న: హోటల్, హాస్టల్, హాస్పిటల్ ఒకే మాట నుంచి వచ్చాయంటారు. శత్రుత్వానికి వాడే 'హాస్టైల్' కూడానా?

అవును. మొదటి మూడూ లాటిన్ 'హాస్పెస్' సంతతి. ఆ మాటకు ఇంటివాడు, వచ్చినవాడు అని రెండర్థాలూ ఉన్నాయి. ఫ్రెంచిలో 'ఓట్' అన్న మాట ఇవాళ్టికీ ఇద్దరికీ చెల్లుతుంది. మధ్యయుగాల్లో హాస్పిటల్ అంటే యాత్రికులు, దిక్కులేనివారు తలదాచుకునే ఇల్లు. జబ్బులకు చికిత్స చేసే చోటుగా అర్థం తర్వాత స్థిరపడింది. మన 'ఆస్పత్రి' వెనకా ఈ మాటే ఉంది. 'హాస్టైల్' లాటిన్ 'హోస్టిస్' నుంచి వచ్చింది. పాతకాలంలో దానికి పరాయివాడు అనే అర్థమని, తర్వాతే శత్రువు అనే అర్థం వచ్చిందని రోమన్ రచయిత సిసెరో రాశాడు. హాస్పెస్, హోస్టిస్ రెండూ ఒకే మొదలు నుంచి చీలినవి. గ్రీకులో 'క్సేనోస్' అంటే పరాయివాడు, అతిథి కూడా. పరాయివాళ్ళంటే భయాన్ని చెప్పే 'జెనోఫోబియా', ఆతిథ్యాన్ని చెప్పే 'ఫిలోక్సేనియా' రెండూ దాని నుంచే పుట్టాయి. గుమ్మంలో తెలియని మనిషి నిలబడితే రెండు దారులూ తెరిచే ఉంటాయని ఆ భాషలకు తెలుసు.

ప్రశ్న: ఇంటికి ఎవరొచ్చినా నేను వంటింట్లోనే ఉండిపోతాను. అన్నీ బాగా చేసిపెట్టినా, వాళ్ళు వెళ్ళాక ఒక్క మాటైనా మాట్లాడలేదే అని బాధ. ఎక్కడ పొరపాటు?

మీ శ్రమంతా భోజనం మీద పెట్టారు. వచ్చినవారికి గుర్తుండేది మాత్రం మొదటి పది నిమిషాలు. అక్కడ మీరు లేరు.

ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. వచ్చినావిడ సోఫా అంచున కూర్చుంది. సంచి ఒళ్ళో ఉంది, ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయారు. తాగేసింది. ఖాళీ గ్లాసు చేతిలో ఉంది. ముందున్న బల్ల మీద పుస్తకాలు, కింద పెడితే బాగుండదేమోనని అనుమానం. బాత్రూమ్ ఎక్కడో అడగాలి, అడగలేదు. అలా గ్లాసు పట్టుకుని పావుగంట కూర్చున్న మనిషి తర్వాత ఎంత మంచి భోజనం చేసినా కుదురుగా చేయలేదు. మొహమాటం మీ ఇంట్లోకి వచ్చేది ఆ గ్లాసు దగ్గరే.

కాబట్టి తలుపు మీరే తీయండి. సంచి అందుకోండి, లేదా ఎక్కడ పెట్టుకోవచ్చో చూపించండి. 'కూర్చోండి' అని గాల్లో అనకుండా ఫలానా కుర్చీ చూపించండి. దాని పక్కన గ్లాసు పట్టేంత జాగా, కనీసం ఒక చిన్న బల్ల, ముందే ఖాళీ చేసి ఉంచండి. వాళ్ళు అడగకముందే నాలుగు విషయాలు చెప్పేయండి: బాత్రూమ్ ఎటు, భోజనం ఎన్నింటికి, ఫోన్ చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవచ్చు, ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారు. రెండు నిమిషాల పని. తర్వాత కనీసం ఐదు నిమిషాలు మీరూ కూర్చోండి. నిలబడి మాట్లాడితే వచ్చినవారికి తామే మీ పని ఆపుతున్నట్టు ఉంటుంది.

దీనికి వంటలో సర్దుబాటు కావాలి. వాళ్ళు వచ్చాక అప్పటికప్పుడు చేయాల్సినవి ఒకటికి మించి పెట్టుకోవద్దు. మిగతావి గంట ముందే ముగియాలి. ఐదు రకాలు చేసి కనబడకుండా పోవడం కంటే మూడు చేసి పక్కన కూర్చోవడం మేలు. ఇంట్లో ఇంకొకరుంటే పని పంచుకోండి, ఒకరు గదిలో, ఒకరు వంటింట్లో, మధ్యలో మార్చుకుంటూ. ఇది ఎప్పుడూ ఒకరి మీదే పడుతుంటే ఆ ఇంటి ఆతిథ్యంలో ఎక్కడో వెట్టి ఉందని అర్థం.

ఒకరికొకరు తెలియనివాళ్ళు ఇద్దరు వస్తే పేర్లు చెప్పి వదిలేయకండి. ఇద్దరికీ కలిసే ఒక సంగతి అందించండి, 'వీరూ మీలాగే మొక్కలు పెంచుతారు' అన్నంత చాలు. మాట దానంతటదే సాగుతుంది.

ప్రశ్న: రాత్రి ఉండేవారి కోసం గదిలో ఏమేం ఉంచాలి?

ముందు మీరే ఒక రాత్రి ఆ మంచం మీద పడుకోండి. కిర్రుమనే పలక, కళ్ళలో పడే వీధి దీపం, చేతికందని స్విచ్చి, అన్నీ తెలుస్తాయి. ఆ తర్వాత: ఒక్కొక్కరికి రెండు తువ్వాళ్ళు, ఒకటి ఒంటికి, ఒకటి ముఖానికి. అదనంగా ఒక దుప్పటి, అడగకుండా కనబడే చోట. లీటరు మంచినీళ్ళు, గ్లాసు. ఖాళీ చేసిన ఒక అర, మూడు నాలుగు హ్యాంగర్లు. బాత్రూమ్‌లో మూత ఉన్న చెత్తబుట్ట, బహిష్టులో ఉన్నవారికి అది లేకపోతే ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. రాత్రి బాత్రూమ్‌కు వెళ్ళే దారిలో చిన్న దీపం. వేడినీళ్ళ స్విచ్చి ఏది, ఎన్ని నిమిషాలు పడుతుంది, పొద్దున ఎవరు ఎన్నింటికి స్నానానికి వెళ్తారు అన్నవి పడుకునే ముందు చెప్పండి. చెప్పకపోతే వచ్చినవారు తెల్లవారుజామునే లేచి, మీరు లేస్తారో లేదోనని గదిలోనే కూర్చుంటారు.

ప్రశ్న: వద్దన్నా వడ్డిస్తేనే ప్రేమ అంటారు మా పెద్దవాళ్ళు. ఈ తరం పిల్లలకు అది నచ్చడం లేదు. ఎన్నిసార్లు అడగాలి?

రెండుసార్లు. ఇది మా అభిప్రాయం, కానీ కారణాలున్నాయి.

మొదటి 'వద్దు' అనేక చోట్ల వద్దు కాదు. అడగ్గానే సరేనంటే ఆశపడ్డట్టు ఉంటుందని చాలామంది అలా అంటారు. ఒక్కసారి అడిగి ఆపేస్తే వాళ్ళు ఆకలితో వెళ్ళిపోవచ్చు. పెద్దవాళ్ళ బలవంతం వెనక ఉన్న మంచి ఇదే. అది మొహమాటానికి మందు. అయితే మూడోసారి నుంచి ఆ మందే జబ్బవుతుంది. తినలేనివారు ఇప్పుడు కారణం చెప్పాలి. షుగరు అనో, మందులు వాడుతున్నామనో, ఉపవాసమనో పదిమంది ముందు ఒప్పుకోవాలి. తాగనివారిని మందు తాగమని ఒత్తిడి చేసినా ఇంతే. లేకపోతే తినేసి రాత్రంతా అవస్థ పడాలి.

అడిగే తీరు మార్చితే చాలా వరకు చిక్కు విడిపోతుంది. 'తింటారా?' అంటే వచ్చే జవాబు 'వద్దండీ' తప్ప మరొకటి కాదు. ఆ ప్రశ్నలోనే మొహమాటం ఉంది. 'నేనూ తినబోతున్నాను, మీకూ కొంచెం పెట్టనా?' అనండి. రెండోసారి అడిగేటప్పుడు పరిమాణం తగ్గించండి: 'సగం?' ఆ తర్వాత గిన్నె వాళ్ళ చేతికందే దూరంలో పెట్టి, చూపు వేరేవైపు తిప్పండి. ఎవరూ చూడకపోతే కావలసినవారు వడ్డించుకుంటారు. పళ్ళెం మీద చేయి అడ్డం పెట్టారంటే, కారణం కూడా చెప్పారంటే, అది అసలైన వద్దు. అక్కడితో ఆగాలి. 'నా మీద కోపమా?', 'నేను చేసింది బాగాలేదా?' అన్న మాటలు ఎంత ప్రేమతో అన్నా ఎదుటివారిని ముద్దాయిని చేస్తాయి.

ప్రశ్న: పాతికమందిని ఇంటికి పిలిచాం. భోజనం విషయంలో ఏ జాగ్రత్తలు అవసరం?

రుచి సంగతి మీకు తెలిసిందే. ఎక్కువగా తప్పేది వేళ దగ్గర. వండినదాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. కాబట్టి వేడిగా ఉంచేది 60 పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 లోపు. పొద్దున వండి మూతపెట్టిన పెద్ద గిన్నె మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అదే అసలు ప్రమాదం. నిలవ చేయాలంటే ఐదు సెంటీమీటర్లకు మించని మందంలో వెడల్పాటి పళ్ళేల్లో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి వేడి చేసేటప్పుడు లోపలి దాకా పొగలు రావాలి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న వంటలు బయట ఉండిపోతే వాటిలో ఒక రకం బాక్టీరియా విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. 'వేడి చేస్తే సరిపోతుందిలే' అన్నది ఇక్కడ చెల్లదు.

రెండోది, పడనివి. పిలిచేటప్పుడే అడగండి, వడ్డించేటప్పుడు కాదు: 'మీలో ఎవరికైనా పడనివి, తిననివి ఉన్నాయా?' వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, సోయా, గోధుమ ముఖ్యమైనవి. అలెర్జీ ఉన్నవారికి 'కొంచెమేగా' అన్నది లేదు. ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరిగినా చాలు, ప్రాణం మీదికి రావచ్చు. వాళ్ళ వంటకం ముందుగా, వేరే పాత్రలో, వేరే గరిటెతో చేయండి. వాళ్ళకే ముందు వడ్డించండి. మందు వెంట తెచ్చుకున్నారో లేదో, ఎక్కడ పెట్టారో కనుక్కోండి. మతం వల్లో నమ్మకం వల్లో తిననివాటికీ ఇదే గౌరవం ఇవ్వాలి. తీసి పక్కన పెట్టుకోమనడం ఆతిథ్యం కాదు.

ప్రశ్న: వీల్‌ఛైర్‌లో ఉన్న స్నేహితురాలిని, చూపు లేని ఆమె భర్తను భోజనానికి పిలిచాం. ఏం సిద్ధం చేయాలి?

ముందు ఆమెనే అడగండి, ఇంటి కొలతలు చెప్పి. తలుపు తీసి ఉంచినప్పుడు అడ్డులేని వెడల్పు 80 సెంటీమీటర్లు ఉండాలి. కుర్చీ పూర్తిగా తిరగడానికి 150 సెంటీమీటర్ల జాగా కావాలి. బాత్రూమ్ తలుపు కొలవడం మరచిపోతారు, ఇల్లంతా బాగున్నా అక్కడే ఆగిపోతుంది. మెట్టు ఉంటే వాలుపలక పెట్టవచ్చు. ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవుండాలి: 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్లు. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాలు జారతాయి. నేల మీది చాపలు, తివాచీలు తీసేయండి. బల్ల దగ్గర ఒక కుర్చీ ముందే తీసి ఖాళీ ఉంచండి. ఆమె వచ్చాక అందరినీ లేపి జరపడం వల్ల ఆమె మీదికి అందరి చూపులూ తిరుగుతాయి. అడగకుండా కుర్చీ వెనక చేయి వేయొద్దు. అది ఆమె శరీరంలో భాగమనుకోండి.

ఆయన చేయి పట్టి లాగకండి. మీ మోచేయి అందించండి, ఆయన పట్టుకుని ఒక అడుగు వెనకగా నడుస్తారు. గది ఎలా ఉందో మాటల్లో చెప్పండి. పళ్ళెంలో ఏది ఎక్కడుందో గడియారం లెక్కలో చెప్పవచ్చు: 'కూర మూడు గంటల వైపు, పచ్చడి తొమ్మిది వైపు.' గదిలోంచి వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పి వెళ్ళండి. లేకపోతే ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంటారు. ఆయనకు ఏం కావాలో ఆమెను అడగడం మాత్రం ఎన్నడూ చేయొద్దు.

ప్రశ్న: 'రెండు రోజులు' అని వచ్చినవారు మూడు వారాలుగా ఉన్నారు. వెళ్ళమని చెప్పడం తప్పా?

తప్పు కాదండీ. అతిథి అన్న మాటలోనే పోవడం ఉందని పైన చూశాం. చెప్పకుండా లోపల కుమిలిపోతే ముఖం మాడుతుంది. వచ్చినవారు ముందుగా చదివేది మీ ముఖాన్నే. తమిళ నీతి గ్రంథం తిరుక్కురళ్ ఆతిథ్యం గురించి చెప్పిన అధ్యాయం చివర ఒక పోలిక ఉంది: అనిచ్చం పువ్వు వాసన చూస్తే వాడుతుంది, అతిథి ముఖం చిట్లించి చూస్తే వాడతాడు.

చెప్పే పద్ధతి ముఖ్యం. రాత్రి చెప్పొద్దు, వాళ్ళకు నిద్ర ఉండదు. పొద్దున, మిగతావారు లేనప్పుడు, కూర్చుని చెప్పండి. లేని కారణం కల్పించొద్దు. 'ఆ గదికి రంగులు వేయించాలి' అంటే 'మేం హాల్లో పడుకుంటాంలే' అంటారు, మంచి మనసుతోనే అంటారు. అప్పుడు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. 'మీరు ఉన్నన్నాళ్ళూ బాగుంది. వచ్చే ఆదివారం నుంచి మాకు ఇల్లు ఖాళీగా కావాలి. టికెట్లు నేను చూస్తాను' అని తేదీతో చెప్పండి. వాళ్ళకు నిజంగా వెళ్ళడానికి చోటు లేకపోతే అది వేరే సంగతి. అప్పుడు అతిథుల్లా చూడటం మానేసి, ఇంటి పనిలో, ఖర్చులో భాగం ఇచ్చి, ఎన్నాళ్ళో మాట్లాడుకోవాలి. మూడు వారాలు ఊరికే కూర్చోబెట్టి చేయడం వాళ్ళకూ బరువే.

వచ్చేసారి పిలిచేటప్పుడే రెండు చివర్లూ చెప్పండి: 'శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఇల్లు మీదే.' ఇలా అంటే ముక్కుసూటిగా ఉంటుందని భయపడతారు గానీ, వచ్చేవారికి ఇది పెద్ద ఊరట. ఎప్పుడు లేవాలో తెలియకపోవడం కంటే పెద్ద మొహమాటం లేదు.

ప్రశ్న: ఒక కార్యాలయంలో వచ్చినవారిని పలకరించే బల్ల దగ్గర పనిచేస్తున్నాను. సేవకూ ఆతిథ్యానికీ తేడా ఏమిటి?

పని సరిగ్గా చేసిపెట్టడం సేవ. వచ్చింది ఒక మనిషని గుర్తించడం ఆతిథ్యం. తల ఎత్తి చూడటంతో మొదలవుతుంది. ఫోన్‌లో ఉన్నా చేత్తో 'ఒక్క నిమిషం' అని సైగ చేయవచ్చు. ఎంతసేపు ఆగాలో చెప్పండి, కొంచెం ఎక్కువే చెప్పండి. పదిహేను అని పన్నెండులో పిలిస్తే సంతోషిస్తారు, పది అని పన్నెండుకు పిలిస్తే విసుక్కుంటారు. దారి వేలితో చూపించకుండా నాలుగు అడుగులు వేసి మలుపు దాకా తీసుకెళ్ళండి.

ప్రశ్న: దేశానికి కూడా ఆతిథ్య ధర్మం ఉంటుందా, లేక ఇది ఇంటికే పరిమితమా?

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో దీన్నొక హక్కుగా నిలబెట్టాడు. భూమి గుండ్రం, దాని మీది చోటు పరిమితం, మనుషులు ఎంత దూరం పోయినా చివరికి ఒకరికొకరు ఎదురుపడక తప్పదు. అందుకని పరాయి నేల మీద కాలు పెట్టినంత మాత్రాన ఎవరినీ శత్రువుగా చూడకూడదన్నాడు. ఇది వచ్చి పలకరించే హక్కే, తిష్ఠవేసే హక్కు కాదు. ప్రాణానికి ముప్పు లేనప్పుడే తిప్పి పంపవచ్చు. అతిథుల్లా వెళ్ళి దేశాలను ఆక్రమించిన ఐరోపా రాజ్యాలను అదే వ్యాసంలో గట్టిగా తప్పుపట్టాడు. 1951 శరణార్థుల ఒడంబడికలో 33వ అధికరణం ఈ ఆలోచనకు దగ్గరగానే ఉంది. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని అది చెబుతుంది. కరుణ మీద వదిలేస్తే కరుణ లేని రోజున ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న. అందుకే రాతకోతలు అవసరమయ్యాయి.

ప్రశ్న: సాగనంపేటప్పుడు ఎంత ఆపాలి? 'అప్పుడేనా?' అనకపోతే బాగుండదేమో.

ఒక్కసారి అనండి, మనసుకు అనిపిస్తే. లేచి నిలబడ్డవారిని మళ్ళీ కూర్చోబెట్టకండి. వాళ్ళకు బండి ఉంటుంది, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళుంటారు. మీరూ లేవండి. చార్జరు, కళ్ళజోడు, మందులు, పిల్లల చెప్పులు ఉన్నాయో లేదో ఒకసారి కలిసి చూడండి. మరిచిపోయేవి ఎక్కువగా ఇవే. రాత్రయితే బయటి దీపం వేసి, బండి కదిలేదాకా గుమ్మంలో ఉండండి. వాళ్ళు గేటు దాటీ దాటకముందే తలుపు గడియ చప్పుడు వినబడకూడదు. చేరాక ఒక సందేశం పెట్టమనండి, అది వచ్చాకే పడుకోండి.